ముత్యాలు నీళ్లు తాగే చోటు

సాలిపేట, కూచిపూడి దగ్గర
మార్చి 1944

చిరంజీవి అంకమ్మరావుకు,

మీ బావ ఆదిశేషయ్య ఆశీస్సులు. మీ అక్కా నేనూ ఇక్కడ కులాసా. మీ ఇంటిల్లిపాదీ అక్కడ కులాసా అని తలుస్తాను.

మామగారు పోయాక ఆయన గుర్రాన్ని పరాయివాళ్లకు అమ్మకుండా నాకిచ్చినందుకు మీ అక్క సంతోషం ఇంతా అంతా కాదు. ముత్యాలు వాకిట్లో అడుగు పెట్టగానే దాని మెడ కౌగిలించుకుని, "మా నాన్న వాసనే వస్తోందండీ" అని ఏడ్చింది. నాకు మాత్రం గుర్రం వాసనే వచ్చింది. ఆ మాట అనలేదులే.

అది రాబట్టే మా పేట బతికింది. యుద్ధంతో పెట్రోలు లేక బస్సులు ఆగిపోయాయి. బొగ్గుబస్సు ఎప్పుడొస్తుందో ఆ డ్రైవరుకే తెలియదు. పడవలో నూలు తెద్దామంటే ప్రతి కాలవ లాకు దగ్గరా సోదాలు. కంట్రోలు పెట్టాక నూలు కార్డు మీదే ఇస్తామన్నారు కదా, ఆ కార్డులేమో మగ్గం మొహం చూడనివాళ్ల చేతుల్లో పడ్డాయి. మా మగ్గాల గుంటల్లో పిల్లులు పడుకుంటున్నాయి. నువ్వు పనిచేసే కొట్టు నుంచి కార్డు లేకుండా ఇస్తున్న ఆ నాలుగు కట్టలే మాకు అన్నం.

ఇక అసలు సంగతి. మొన్న నీ దగ్గర కట్టలు తీసుకుని బయలుదేరాక ముత్యాలు దారిలో చుక్క నీరు ముట్టలేదు. కంకిపాడులో బావి నీళ్లు తోడి పెట్టాను, వాసన చూసి తల తిప్పేసింది. ఉయ్యూరులో కాలవలోకి దింపాను, కాళ్లు తడుపుకుని నిలబడింది. పామర్రు చేరేసరికి డొక్కలు లోపలికి పోయాయి. మెడ మీద చర్మం చిటికెతో పట్టుకుని వదిలితే గుడారంలా అలాగే నిలబడింది. ఇంటికొచ్చాక మాత్రం మన తొట్టిలో తలపెట్టి పీపాడు నీళ్లు తాగింది.

మామగారు దీన్ని గుంటూరు దాకా తిప్పేవారు కదా. దారిలో ఎలా తాగించేవారో కాస్త వివరంగా వ్రాయి. ఎండలు ముదిరితే ఇలా కుదరదు.

ఆదిశేషయ్య


బెజవాడ
మార్చి 1944

బావగారికి నమస్కారాలు.

ముత్యాలు మీకు పరీక్ష పెట్టిందన్నమాట! మా నాన్నకూ పెట్టింది. మొదటి ఏడాది ఆయన దాన్ని బతిమాలని చోటు లేదు. "మీ అమ్మను కూడా ఇంత బతిమాల్లేదురా" అనేవారు.

ఆయన చేసింది చెబుతాను. ముందు ఇంటి దగ్గరే నీళ్లలో గుప్పెడు తవుడు, చిన్న బెల్లం ముక్క కలిపి అలవాటు చేయండి. దారిలోనూ ఏ నీళ్లకైనా అదే కలపండి. ఏ ఊరి నీళ్లయినా దానికి ఇంటి నీళ్లే అవుతాయి. దప్పిక బాగా పెరిగాక పెడదామని చూడకండి. ఆ గడువు దాటితే దానికే తాగబుద్ధి కాదు. తరచూ ఆపి చూపించాలి. తాగకపోతే పచ్చగడ్డి తడిపి పెట్టండి, దాంతో కొంత నీరు లోపలికి పోతుంది.

ముఖ్యమైనది ఇది. బరువంతా దించేయండి. పొట్ట కింది పట్టీ వదులు చేయండి. కళ్లెం నోట్లోంచి పూర్తిగా తీసేయండి. తీసి, దాని వైపు చూడకుండా పెడమొహం పెట్టి నిలబడండి. తాడు లాగడం, అదిలించడం పనికిరాదు. ఇంకో పశువు ఏదైనా పక్కన తాగుతుంటే మరీ మంచిది. నాన్న అనేవారు: "తల వంచినప్పుడు గుర్రానికి వెనకాల ఏముందో కనపడదు. పక్కన ఎవరో ఒకరు నిమ్మళంగా తాగుతుంటేనే అది ధైర్యం చేస్తుంది."

అక్కను అడిగానని చెప్పండి. కడుపు పండితే పురిటికి మా ఇంటికే తీసుకురావాలి. అమ్మ లేకపోయినా మా ఆవిడ చూసుకుంటుంది.

అంకమ్మరావు


సాలిపేట
ఏప్రిల్ 1944

చిరంజీవి అంకమ్మరావుకు,

ముత్యాలు తాగింది! ఈ కబురు నీకు తంతి ఇద్దామనుకున్నాను.

తవుడు, బెల్లం ఇంట్లో బాగా అలవాటు చేసి బయలుదేరాను. కంకిపాడులో మూతి తడుపుకుంది, అంతే. ఉయ్యూరు దాటాక రోడ్డుకు కాస్త లోపలగా తెరేసమ్మ అని ఒకావిడ పాక ఉంది. భర్త లేడు, ఒక గేదెను పెట్టుకుని పాలమ్ముకుంటుంది. ఆ పాక ముందు రాతి తొట్టి నిండా కుడితి. మన తవుడు నీళ్ల వాసనే కదా, ముత్యాలు తనంతట తనే రోడ్డు దిగి అటు నడిచింది. గేదె తాగుతోంది. నేను బరువు దించి, పట్టీ సడలించి, కళ్లెం తీసి, నువ్వు చెప్పినట్టే పెడమొహం పెట్టి నిలబడ్డాను. కొంచెం సేపటికి వెనకనుంచి గుటగుట చప్పుడు. తిరిగి చూస్తే గేదె చెంపకు చెంప ఆనించి తాగుతోంది!

"కుడితి ఖాళీ చేసింది, క్షమించమ్మా" అన్నాను. "తాగనీయండి బాబూ. నోరున్న మనం అడిగి తాగుతాం, దానికేం తెలుసు" అని ఇంకో కడవ తెచ్చి పోసింది. ఇప్పుడు ప్రతిసారీ అక్కడే మజిలీ. ఆవిడ పాకలో కుడితి కలుపుతూ ఉంటుంది, నేను తాటిచెట్ల వైపు చూస్తూ ఉంటాను, అవి రెండూ తాగుతూ ఉంటాయి.

మా పేటలో మగ్గాల చప్పుడు మళ్లీ మొదలైంది. వీధి చివర రావమ్మ, మొగుడు పోయాక మగ్గం విప్పి అటక మీద పెట్టింది. నిన్న దింపించింది. ఇదంతా నీ చలవే.

ఆదిశేషయ్య


బెజవాడ
మే 1944

బావగారికి నమస్కారాలు.

తొందరలో వ్రాస్తున్నాను. నూలు కంట్రోలుకు కొత్తగా వచ్చిన అధికారి గట్టివాడు. కొట్లోకి వచ్చి సరుకు సరిచూస్తున్నాడు. రోడ్డు మీద కూడా మనుషుల్ని పెట్టాడని విన్నాను. మీరు భయపడకండి. ఏ రోజు రోడ్డు ఖాళీగా ఉంటుందో నేను కనుక్కుని చెబుతాను. మీరు ఈసారి ఎప్పుడు బయలుదేరుతారో, తెరేసమ్మ పాక సరిగ్గా ఎక్కడో, అక్కడికి ఏ వేళకు చేరతారో వ్రాయండి. అవసరమైతే మనిషిని పంపి ముందుగా హెచ్చరిస్తాను.

ముత్యాలు ఇప్పటికీ ఆ గేదె ఉంటేనే తాగుతోందా?

అంకమ్మరావు


సాలిపేట
మే 1944

చిరంజీవి అంకమ్మరావుకు,

నా క్షేమం కోసం నువ్వు పడే తాపత్రయం చదివి మీ అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. "వాడు చిన్నప్పటినుంచీ అంతే. ఎదురుగా ఏమీ అనడు, లోపల ప్రాణం పెడతాడు" అంది.

ప్రతిసారీ శుక్రవారం వస్తాను కదా. ఎవరైనా కనిపెట్టారేమోనని ఈసారి మంగళవారానికి మార్చుకున్నాను. ఈ మార్పు నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తెల్లవారుజామున మీ కొట్టు వెనక సరుకు తీసుకుంటే ఎండ నడినెత్తికి రాకముందే తెరేసమ్మ పాక చేరతాను. ఉయ్యూరు దాటాక ఎడమ చేతికి మూడు తాటిచెట్లు, వాటి వెనక పాక.

గేదె లేకపోతే ముత్యాలు ఆగదు. ఒకసారి గేదెను మేతకు తోలితే ఇది రోడ్డెక్కి పామర్రు దాకా మొండిగా నడిచింది. కాలవలు కట్టేశారు కాబట్టి ఇప్పుడు ఆ తొట్టే మాకు కృష్ణ.

ఆదిశేషయ్య


సాలిపేట
జూన్ 1944

చిరంజీవి అంకమ్మరావుకు,

కబురు నీకు చేరే ఉంటుంది. అయినా నా చేత్తో వ్రాయాలని వ్రాస్తున్నాను.

ఆ మంగళవారం తెరేసమ్మ పాక దగ్గరే పట్టుకున్నారు. గేదె తొట్టి దగ్గర కట్టేసి ఉంది. తెరేసమ్మ మాత్రం బయటికి రాలేదు. ఏదో పనిలో ఉందనుకుని కట్టలు దించాను, పట్టీ వదులు చేశాను, కళ్లెం తీశాను. ముత్యాలు తల వంచి రెండు గుక్కలు మింగిందో లేదో గడ్డివాము వెనకనుంచి మనుషులు వచ్చి పడ్డారు. నేనేం చేసేది? కళ్లెం నా చేతిలో ఉంది, గుర్రం నోట్లో లేదు. అది బెదిరి ముందుకాళ్లు ఎత్తి తొట్టి రాయికి మోకాలు కొట్టుకుంది.

నూలు ఎక్కడిదని అడిగారు. తెలియదన్నాను. మళ్లీ అడిగారు. కొట్టారు. ఎవరో సంతలో అమ్మాడని చెప్పాను. నీ పేరు నా నోట రాలేదు. నువ్వు నిశ్చింతగా ఉండు. కొన్నాళ్లు లోపల ఉంచి, జరిమానా వేసి వదిలారు. ఎడమ చెవిలో హోరు ఇంకా తగ్గలేదు.

నా బాధంతా ఆ తెరేసమ్మ గురించే. కడవతో కుడితి పోసిన చేత్తోనే నన్ను పట్టించింది. లేకపోతే అంత గొడవ జరిగినా బయటికి ఎందుకు రాలేదు? మనిషిని నమ్మడం ఇంత తప్పా అంకమ్మరావూ?

ముత్యాలును సరుకుతో పాటు జప్తు చేసి బెజవాడ తోలుకుపోయారు. వేలం వేస్తారట. ఎలాగైనా దాన్ని పరాయివాళ్ల పాలు కాకుండా చూడు.

ఆదిశేషయ్య


బెజవాడ
జూన్ 1944

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మా ఆవిడ అన్నం ముట్టలేదు. నా పేరు చెప్పనందుకు ఏమిచ్చి రుణం తీర్చుకోను? ఇక ముందు కూడా ఆ మాట మన మధ్యే ఉండనీయండి.

తెరేసమ్మ విషయం మీరు అనుకున్నదే అయి ఉంటుంది. దారిన పోయేవాళ్లను నమ్మితే ఇంతే. ఆవిడ జోలికి వెళ్లకండి, లేనిపోని గొడవ.

వేలంలో ముత్యాలును నేనే పాడి తెచ్చాను. మా పెరట్లోనే ఉంది. ఇంకో మాట, ఎవరో చెబితే తెలుసుకునేకంటే నేనే చెప్పడం మంచిది. నూలు అమ్మే లైసెన్సు నా పేర వచ్చింది. కొట్టు శ్రావణంలో తెరుస్తాను. దైవికంగా కలిసొచ్చింది. ఇక మన వాళ్లకు కష్టాలు గట్టెక్కినట్టే.

అక్కను పురిటికి ఎప్పుడు తీసుకొస్తారు?

అంకమ్మరావు


సాలిపేట
జులై 1944

శ్రీయుత అంకమ్మరావు గారికి,

నిన్న నేను తెరేసమ్మ పాకకు వెళ్లాను. మీరు వెళ్లవద్దన్నారు. వెళ్లాను.

తొట్టి కడుగుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఎవరికి చెప్పావు తెరేసమ్మా నా సంగతి?" అన్నాను. గట్టిగానే అన్నాను.

"నేనా బాబూ? పెబువు తోడు, నాకు మీ పేరైనా సరిగ్గా తెలీదే. మీరా మంగళారం వస్తన్నారని మాత్రం నాకెట్టా తెలుస్తది? శుక్రారం కదా మీరొచ్చేది."

ఆ రోజు జరిగింది ఆవిడే చెప్పింది.

"పొద్దున్నే వచ్చారు. నన్ను పాకలో పెట్టి తడికేశారు. గేదెను ఒకడు తోలుకుపోతానంటే ఆ ఆఫీసరు వద్దన్నాడు. 'గేదె ఇక్కడే ఉండాల, అది లేకపోతే గుర్రం ఆగదంట' అన్నాడు. మనుషులకి చెబుతున్నాడు, 'తొందరపడమాకండి. బరువు దించుతాడు. పట్టీ సడలిస్తాడు. కళ్లెం తీసి పెడమొహం పెట్టి నిలబడతాడు. అప్పుడెళ్లండి' అని. నేను కేకేయబోతే ఒకడు నోరు నొక్కాడు. ఇదిగో ఈ పెదవి చూడండి. బాబూ, మీరు పెడమొహం పెట్టి నిలబడతారని నాకే తెలీదు. నేనెప్పుడూ లోపల కుడితి కలుపుకుంటా ఉంటా. ఆళ్లకెట్టా తెలిసిందంటారు?"

ఆవిడ నన్ను అడిగింది. ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టబోతే "అయ్యో, తప్పు" అని వెనక్కి జరిగింది.

కూచిపూడి దాకా నడుస్తూ మీ ఉత్తరాలన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. ఇంటికి వచ్చి మీ అక్కకు చెప్పాను. ఇక వ్రాయడానికి ఏమీ లేదు.

ఆదిశేషయ్య


బెజవాడ
జులై 1944

బావగారికి,

మీ ఉత్తరంలో "మీరు" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

నా మాట కూడా వినండి. కొట్లో కట్టలు తగ్గాయని ఆ అధికారి పట్టుకున్నాడు. ఎవరికిచ్చావో చెప్పు, లేదా నువ్వే లోపలికి నడు అన్నాడు. పిల్లలు కళ్లముందు కనిపించారు. ఒక్కసారి సరుకు పట్టుకుని, హెచ్చరించి వదిలేస్తామన్నాడు. కొడతారనుకోలేదు. లైసెన్సు నేను అడగలేదు. ఇస్తానన్నప్పుడు కాదనలేకపోయాను. నా స్థానంలో ఎవరున్నా ఏం చేసేవారు?

బావగారూ, ఇది అడగడానికి నాకు మొహం లేదు. ముత్యాలు నీళ్లు తాగడం లేదు. ప్రాణం నిలిచేంత నాలుగు గుక్కలు తాగి తల ఎత్తేస్తోంది. జప్తులో ఉన్నప్పుడు ఎవరెలా చూశారో, మనిషి చెయ్యి దగ్గరికి వస్తే చెవులు వెనక్కి పెడుతోంది. నాన్న చేసినవన్నీ చేశాను. తవుడు, బెల్లం, తడి గడ్డి. కళ్లెం అసలే లేదు. డొక్కలు ఎండిపోతున్నాయి. పశువుల డాక్టరు చూసి, ఇలాగే ఉంటే పేగు మెలిపడి ప్రాణం పోతుందన్నాడు. ఏం చేయాలో చెప్పండి. నాకోసం కాదు, దాని కోసం.

అంకమ్మరావు


సాలిపేట
ఆగస్టు 1944

అంకమ్మరావుకు,

ఆయన వ్రాయనన్నారు. రెండు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చుని, లేచి మగ్గం దగ్గరికి వెళ్లిపోయారు. మగ్గం మీద నూలు లేదు. ఊరికే కూర్చున్నారు. నోరు లేని జీవం కనుక నేను వ్రాస్తున్నాను.

దాన్ని ఉయ్యూరు తోలుకెళ్లు. బండికి కట్టకు, మెల్లిగా నడిపించు. చల్లటి పూట బయలుదేరు. తెరేసమ్మ తొట్టి దగ్గర ఆ గేదె పక్కన వదులు. అక్కడ తాగితే బతుకుతుంది. ఆయనే చెప్పారు, నాతో కాదు, గోడతో చెప్పినట్టు చెప్పారు. మనిషిని పంపకు. నువ్వే వెళ్లు. ఆవిడ ఎవరని అడిగితే నీ పేరు చెప్పు.

నా స్థానంలో ఎవరున్నా ఏం చేసేవారని అడిగావట. మీ బావ ఉన్నారు కదరా నీ స్థానంలో! ఎవరిచ్చారని అడిగి అడిగి కొట్టారు. ఆ ఎడమ చెవి ఇక వినపడదని బందరు డాక్టరు చెప్పేశాడు. నేను పిలిస్తే ఇప్పుడు రెండో వైపు తిరిగి చూస్తున్నారు. ఆయనకు మాత్రం కళ్లముందు ఎవరూ కనిపించలేదా? అప్పటికే కడుపుతో ఉన్న నేను కనిపించలేదా?

పురిటికి నేను బెజవాడ రాను. అడగడానికి ఇంకో ఉత్తరం వ్రాయకు.

చౌడేశ్వరి


బెజవాడ
ఆగస్టు 1944

అక్కయ్యకు నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే నేనే వెళ్లాను. దారిలో రెండుసార్లు ముత్యాలు నిలబడిపోయింది. అక్కడే పడిపోతుందనుకున్నాను.

తెరేసమ్మ గుర్రాన్ని దూరంనుంచే గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చింది. దాని మోకాలి మీద మచ్చ తడిమింది. తరవాత నన్ను చూసి, "మీరెవరు బాబూ?" అంది. పేరు చెప్పాను. ఆయనకు బావమరిదినని చెప్పాను. ఆవిడ చాలాసేపు నా మొహం చూసింది. తిడుతుందనుకున్నాను. తాడు నా చేతిలోంచి తీసుకుని, "మీరు పోయి రోడ్డు మీద నిలబడండి" అంది.

వెళ్లి నిలబడ్డాను. గేదెను తెచ్చి తొట్టికి కట్టింది. మొదట అది ఒక్కటే తాగింది. ముత్యాలు గడ్డివాము వైపు చూస్తూ, చెవులాడిస్తూ నిలబడింది. ఎంతసేపో తెలియదు. చివరికి తల దించింది. మధ్యలో ఒకసారి బెదిరి ఎత్తి, మళ్లీ దించింది. నేనున్న చోటికి ఆ గుటగుట వినిపించింది అక్కా. రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. బొగ్గుబస్సు పోతూ ఉంటే జనం చూశారు.

దాన్ని అక్కడే వదిలి వచ్చాను. బావను తోలుకుపొమ్మను. కొట్టు తెరిచాను. మీ పేటకు కావలసిన నూలు కార్డులతో పని లేకుండా వెనక తలుపునుంచి ఇస్తాను. ఎంతైనా ఇస్తాను. బావను ఒక్కసారి వచ్చి నాతో మాట్లాడమను.

తమ్ముడు
అంకమ్మరావు


సాలిపేట
డిసెంబరు 1944

శ్రీయుత అంకమ్మరావు గారికి,

మీ అక్క మగపిల్లవాణ్ణి కన్నది. తల్లీ బిడ్డా క్షేమం. మేనమామకు తెలియజేయడం ధర్మం కనుక వ్రాస్తున్నాను.

గుర్రాన్ని తెచ్చుకున్నాను. అది మీ అక్కకు తండ్రి సొత్తు కాబట్టి తెచ్చాను, మీరిచ్చారని కాదు. మోకాలు కొంచెం కుంటుతుంది. దూరం తిప్పడం లేదు.

మా పేట పెద్ద బసవపున్నయ్య గారు తిరగని చోటు లేకుండా తిరిగి మగ్గం ఉన్న ప్రతి ఇంటికీ కార్డు తెప్పించారు. రావమ్మకు కూడా వచ్చింది. కార్డుల మీద కొట్టు పేరు చూశాం. మీ కొట్టే. మా చేతుల్లో లేని పని. వేరే కొట్టుకు మార్చమని అడిగితే ఈ ఏడాదికి కుదరదన్నారు. నాకు అభిమానం ఉందని పేటంతా పస్తు ఉండలేదు కదా.

సోమవారం అందరం కలిసి వస్తున్నాం. వెనక తలుపు మాకు వద్దు. కార్డుకు ఎంత రాసి ఉంటే అంతే ఇవ్వండి, ఒక్క చిలప నూలు కూడా ఎక్కువ వద్దు. వరసలో నా వంతు వచ్చేదాకా నిలబడతాను. లోపలికి పిలవకండి, కుర్చీ వేయకండి. ఎడమ వైపునుంచి పిలిస్తే నాకు వినపడదు, కాస్త కుడి వైపు వచ్చి పిలవండి. ఆదిశేషయ్య అని పిలిస్తే చాలు. బావా అని పిలిస్తే వెనక నిలబడ్డవాళ్లు మనం ఇంకా చుట్టాలమే అనుకుంటారు.

ఆదిశేషయ్య